విషయం: డబుల్ ఆల్బమ్‌లో లైవ్ డిస్క్ లేదు, స్టూడియో డిస్కే రెండుసార్లు వచ్చింది

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. బ్రిటిష్ బ్లూస్ గాయకుడు జాన్ మేయాల్ ‘టెన్ ఇయర్స్ ఆర్ గాన్’ పాత ఎల్పీ రికార్డును మీ సైట్‌లో 4,850 రూపాయలకు కొన్నాను. 1973 నాటి డబుల్ ఆల్బమ్. ఒక డిస్క్ స్టూడియోలో చేసింది, రెండోది న్యూయార్క్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో జనం ముందు వాయించింది. నాకు వచ్చిన అట్టలో రెండూ స్టూడియో డిస్కులే.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. రెండు పాత కాపీలు విప్పి మళ్లీ సర్దేటప్పుడు ఎవరో కలగలిపేసి ఉంటారు. నా గొడవ అది కాదు. పదకొండు రోజులుగా మీ కస్టమర్ కేర్ వాళ్లు, ‘సర్, రెండు రికార్డులు ఆర్డర్ చేశారు, రెండు చేరాయి, మిస్సింగ్ ఐటమ్ కింద రాదు’ అనే ఒక్క మాటనే తిప్పితిప్పి చెబుతున్నారు. ఎడమకాలి చెప్పులు రెండు పంపి, జత సరిపోయింది కదా అన్నట్టుంది.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయలేదన్నది ఇంకో సాకు. రెండు డిస్కుల లేబుళ్ల ఫొటోలు పంపాను, రెండింటి మీదా అవే పాటల పేర్లు. ఒకదాని లేబుల్ అంచున ఎవరో నీలం ఇంకుతో టిక్కు పెట్టారు, అంతే తేడా. రెండో డిస్క్ పెట్టగానే వంటింట్లోంచి మా ఆవిడ, ‘ఇందాక అయిపోయిందిగా ఈ పాట?’ అంది. ఆవిడకు జాజూ తెలీదు, బ్లూసూ తెలీదు.

నేను కొన్నది ముఖ్యంగా ఆ లైవ్ డిస్క్ కోసమే. మేయాల్ బ్లూస్ మనిషి. అయినా ఆ రోజుల్లో జాజ్ వాళ్లను వెంటేసుకు తిరిగాడు. ట్రంపెట్ మీద, జాజ్ పియానిస్టు హొరేస్ సిల్వర్ బృందంలో వాయించిన బ్లూ మిచెల్, శాక్సఫోన్ మీద రెడ్ హాలోవే. స్టూడియోలో పాటలు కుదురుగా అయిపోతాయి. స్టేజీ ఎక్కాక ఎవరికి తోచినంతసేపు వాళ్లు సాగదీస్తారు. ఆ సాగదీతే నాకు కావాలి. యూట్యూబ్‌లో వినమని మీ కస్టమర్ కేర్ అబ్బాయి ఒకరు సలహా ఇచ్చారు. ఫోన్‌లో వినేవాణ్ణయితే 4,850 ఎందుకు పోస్తాను?

లైవ్ డిస్క్ పంపండి, అదనంగా వచ్చిన డిస్క్‌ను మీ ఖర్చుతో తీసుకెళ్లండి. దొరక్కపోతే మొత్తం వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు నా ఖాతాలో వేయండి. మీరిస్తామంటున్న 200 రూపాయల కూపన్ నాకొద్దు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. రసీదు, ఫొటోలు మళ్లీ జత చేశాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
విజయవాడ