లెనిన్ సెంటర్ నుంచి లావ్రోవ్ గారికి

విజయవాడ

రష్యన్ ఫెడరేషన్ విదేశాంగ మంత్రి సెర్గీ లావ్రోవ్ గారికి,

నమస్కారం.

మా ఊళ్లో లెనిన్ సెంటర్ అని ఒక కూడలి ఉంది. అక్కడ లెనిన్ విగ్రహం, ఆ చుట్టుపక్కల పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. ఓపికగా వెతికితే మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతాయి. మా నాన్న ఏలూరు రోడ్డులో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేసేవారు. జీతం అందిన రోజున అమ్మకు మల్లెపూలు, మాకు ప్రగతి ప్రచురణాలయం వారి పుస్తకం తెచ్చేవారు. రోజంతా సీసపు అక్షరాలు పేర్చే మనిషి కదా, ముందు కాగితం తడిమి చూసి, "అంత చలిదేశంలో కూర్చుని మన ఒత్తులూ దీర్ఘాలూ ఎంత శ్రద్ధగా దిద్దారో చూడండిరా" అనేవారు. కృష్ణ ఒడ్డున పుట్టిన నేను మంచు ఎలా ఉంటుందో మొదట చూసింది ఆ బొమ్మలలోనే. తరువాత ముప్పై మూడేళ్లు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం చేసిన లెనిన్‌గ్రాడ్ ముట్టడి పాఠం వచ్చినప్పుడల్లా గొంతు పూడుకుపోయేది. 872 రోజులు! ఆ ముట్టడిలో పోయిన పసివాళ్లలో మీ అధ్యక్షుడి అన్న కూడా ఒకడని తరువాత ఎప్పుడో చదివాను.

కాబట్టి ఈ ఉత్తరం రష్యా అంటే గిట్టనివాడు రాస్తున్నది కాదు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద మీ ప్రభుత్వం మొదలుపెట్టిన యుద్ధం అన్యాయం. దాన్ని ఆపమని అడగడానికే రాస్తున్నాను.

ఆ రోజున మా చెల్లెలి మనవరాలు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో ఉంది. వైద్యవిద్య నాలుగో సంవత్సరం. ఇక్కడ ప్రైవేటు కళాశాలలో సీటుకు అడిగే డబ్బు మావాళ్ల దగ్గర లేదు. అక్కడి చదువుకైతే ఉన్న ఎకరం అమ్మితే సరిపోయింది. కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పిల్ల వారం రోజులు హాస్టల్ కింద నేలమాళిగలో గడిపింది. ఫోనులో చార్జింగ్ అయిపోతుందని రోజుకు ఒక్క నిమిషమే మాట్లాడేది. ఆ నిమిషం కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవాళ్లం. మార్చి 1న అదే నగరంలో, సరుకుల కోసం బయటికి వచ్చిన భారతీయ విద్యార్థి ఒకరు దాడిలో చనిపోయారని టీవీలో చెప్పారు. పేరు తెలిసేదాకా మా చెల్లెలు మంచినీళ్లు ముట్టలేదు. కర్ణాటక అబ్బాయి అని తెలిశాక, మన పిల్ల కాదని ఒక్క క్షణం స్తిమితపడినందుకు తనను తాను తిట్టుకుంటూ ఏడ్చింది. మర్నాడు, బండి దొరకకపోతే నడిచైనా నగరం దాటండని మా రాయబార కార్యాలయం చెప్పింది. పిల్లలు మంచులో, పేలుళ్ల మధ్య నగరం పక్కనున్న పెసోచిన్ వైపు నడిచారు. ఆపరేషన్ గంగ పేరుతో మా ప్రభుత్వం దాదాపు 22,500 మందిని వెనక్కి తెచ్చింది. గన్నవరంలో దిగిన మా పిల్ల కారులో కూర్చోగానే అడిగింది: "తాతయ్యా, మా హాస్టల్లో వండిపెట్టే ఆంటీని ఎవరు తీసుకెళ్తారు?"

ఆమె ఉక్రెయిన్ మనిషి. ఆమెను తీసుకుపోవడానికి ఏ దేశపు విమానమూ రాదు. ఇంకో సంగతి, లావ్రోవ్ గారూ, ఆమె మాట్లాడేది మీ భాషే. ఖార్కివ్ వీధుల్లో వినబడేది ఎక్కువగా రష్యనే. రష్యన్ మాట్లాడేవారిని కాపాడటానికే ఈ చర్య అని మీరు ప్రపంచానికి చెప్పారు. మీ ఫిరంగులు పడింది వారి ఇళ్ల మీదే.

యుద్ధానికి మూడు రోజుల ముందు చేసిన ప్రసంగంలో మీ అధ్యక్షుడు, ఉక్రెయిన్ అనేది లెనిన్ సృష్టి అన్నారు. దాన్ని ఆయన లెనిన్ చేసిన తప్పుగా ఎంచారు. అంతకు ముందు ఏడాది రాసిన వ్యాసంలో రష్యన్లూ ఉక్రెయినియన్లూ ఒకే ప్రజ అన్నారు. మా కూడలిలో ఆ విగ్రహం కింద నిలబడి ఈ మాటల గురించి చాలాసేపు ఆలోచించాను. నిజానికి మేమూ పొరపాటు చేశాం. సోవియట్ అంటే రష్యాయే అనుకున్నాం. ఆ బొమ్మల పుస్తకాలలో ఏ కథ ఉక్రెయిన్‌దో, ఏది జార్జియాదో పట్టించుకోలేదు. తెలుగువాళ్లం చేయకూడని పొరపాటు అది. మద్రాసు రాష్ట్రంలో ఉన్నన్నాళ్లూ ఉత్తరాది వారికి మేమంతా మద్రాసీలమే. మాకొక భాష ఉందని, మాకొక రాష్ట్రం కావాలని పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అంతమాత్రాన తమిళులు మాకు పగవారు కాలేదు. ఇవాళ మా కృష్ణ నీళ్లు తెలుగుగంగ కాలువలో వెళ్లి చెన్నై దాహం తీరుస్తున్నాయి. వేరు కాపురం పెట్టిన తమ్ముడి ఇంటికి నిప్పు పెట్టి, మనమంతా ఒకటే అని చెప్పే అన్నను ఏ ఊళ్లో అయినా ఏమంటారో మీరే చెప్పండి.

2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీదికి వెళ్లినప్పుడు ఇదే లెనిన్ సెంటర్‌లో నేను అట్టముక్క పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజుల్లో ఐక్యరాజ్యసమితిలో రష్యా శాశ్వత ప్రతినిధి మీరే. భద్రతా మండలి అనుమతి లేని యుద్ధాన్ని మీ దేశం వ్యతిరేకించింది. మరో దేశపు సరిహద్దుల మీద బలప్రయోగం చేయరాదని చార్టర్ రెండో అధికరణం చెబుతుంది. దాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు నేను మీ దేశాన్నే ఉదాహరణగా చూపాను. ఇరాక్‌లో ఉన్నాయన్న సామూహిక వినాశక ఆయుధాలు దొరకలేదు. ఉన్నా సరే, ఆ యుద్ధం తప్పే అయ్యేది. అప్పుడు అమెరికాకు వర్తించిన న్యాయం ఇప్పుడు మీకు వర్తించకపోతే, ఆ రోజు నేను పట్టుకున్న అట్టముక్కకు విలువ లేదు, మీరు ఆ సభలో కూర్చున్న పదేళ్లకూ విలువ లేదు.

నాటో మీ గడప దాకా వచ్చిందన్న మీ బాధ నాకు అర్థమవుతుంది. పశ్చిమ దేశాలు మీ అభ్యంతరాలను చులకన చేశాయన్న ఫిర్యాదులో నిజం ఉంది. అయితే ప్రపంచంలో మూడో పెద్ద అణ్వాయుధ రాశిని ఉక్రెయిన్ వదులుకున్నందుకు, దాని సరిహద్దులను గౌరవిస్తామని 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో సంతకం చేసిన వారిలో మీరూ ఉన్నారు. ఆ సంతకం చెల్లకుండా పోయాక ఫిన్లాండ్ కూడా వెళ్లి నాటోలో చేరింది.

మా గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్లో రాయబార ఘట్టం ఆడితే జనం తెల్లవార్లూ కూర్చుని పద్యాలు మళ్లీ మళ్లీ పాడించుకునేవారు. యుద్ధం తప్పించడానికి వెళ్లిన ఆ రాయబారి చివరికి ఐదూళ్లిచ్చినా చాలన్నాడు. మీరు 2022 సెప్టెంబరు 30న దొనెత్స్క్, లుహాన్స్క్, జపోరీజియా, ఖేర్సన్ ప్రాంతాలు నాలుగింటినీ మీవేనని రాసుకున్నారు. వాటిని ఒప్పుకున్నాకే సంధి అంటున్నారు. రాయబారి నోట రావలసిన మాట కాదది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగిపోయింది. మేడల మీద నిలబడి పాలప్యాకెట్టు కోసం చేతులు చాచిన జనాన్ని నేను చూశాను. అది వాన తెచ్చిన వరద. అంతకు ముందు ఏడాది జూన్ 6న, మీ సైన్యం అధీనంలో ఉన్న కఖోవ్కా ఆనకట్ట బద్దలై ద్నీపర్ నది దిగువ ఊళ్లను ముంచేసింది. ప్రకాశం బ్యారేజి కింద బతికేవాడికి ఆ వార్త ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి.

2023 మార్చిలో ఢిల్లీ సదస్సులో, ఈ యుద్ధాన్ని ఎదుటివారే మీ మీద మొదలుపెట్టారనీ మీరు ఆపాలని చూస్తున్నారనీ మీరు అన్నప్పుడు సభికులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు, భద్రతా మండలిలో మా పక్షాన మీ దేశం వీటో వేసినప్పుడు మా నాన్న వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయారు. ఆ దేశపు మంత్రి మాటకు మా గడ్డ మీద నవ్వులు రావడం చూసి తల దించుకున్నాను. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 141 దేశాలు మీ దండయాత్రను ఖండిస్తే నా దేశం ఓటు వేయకుండా ఊరుకుంది. ఆ మౌనాన్ని నా సమ్మతిగా లెక్కవేయకండి.

మీ దేశంలోనే ఈ మాట అన్నవారు ఉన్నారు. మాస్కోలో ఒక జిల్లా మండలి సభ్యుడు అలెక్సీ గొరినోవ్, అక్కడ పిల్లలు చనిపోతుంటే ఇక్కడ పిల్లలకు బొమ్మల పోటీ ఏమిటని సమావేశంలో అడిగారు. అందుకు 2022 జూలైలో ఏడేళ్ల శిక్ష వేశారు. బడిపంతులుగా బతికినవాణ్ణి, నేనైనా అదే అడిగేవాణ్ణి. ఆయన్ను విడిచిపెట్టండి. సహాయకుల ఉద్యోగాలని దళారులు నమ్మించి తెస్తే మీ సైన్యం ముందు వరుసకు తోసిన మా పిల్లలను పంపించండి. వారిలో హైదరాబాదు యువకుడు ఒకరు 2024లో శవపేటికలో వచ్చారు.

చివరగా ఒక్కటి. 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధం తరువాత, 1966 జనవరిలో అప్పటి సోవియట్ ప్రధాని కొసిగిన్ గారు మా ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారినీ పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌నూ తాష్కెంట్‌లో కూర్చోబెట్టి మాట్లాడించారు. రెండు సైన్యాలూ 1965 ఆగస్టు 5కు ముందున్న చోటికి వెళ్లాలని జనవరి 10న ఒప్పందమైంది. కశ్మీర్‌లోని హాజీపీర్ కనుమను ఆ యుద్ధంలో మా జవాన్లు ప్రాణాలిచ్చి పట్టుకున్నారు. దాన్ని వదులుకోవడం మా దేశంలో ఎందరికో మింగుడుపడలేదు. అయినా వదిలాం. సంతకం చేసిన ఆ రాత్రే శాస్త్రి గారు ఆ ఊళ్లో కన్నుమూశారు. ఆయన శవపేటికకు భుజం పట్టినవారిలో కొసిగిన్ గారు ఒకరు.

ఆనాడు మీరు మమ్మల్ని అడిగినదే ఈనాడు నేను మిమ్మల్ని అడుగుతున్నాను. 2022 ఫిబ్రవరి 24కు ముందున్న చోటికి మీ సైన్యాన్ని వెనక్కి పిలవండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గవర్నరుపేట, విజయవాడ