తాబేలుకి నీళ్ళ కిట్ మా షాపులో ఎందుకు పెట్టడం లేదంటే

ఈ ఎండాకాలం చాలామంది కస్టమర్లు ఒకే వస్తువు కోసం అడుగుతున్నారు. నేల తాబేళ్ళ కోసమని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నీళ్ళ కిట్ అది: ఒక యాంటీ క్లోరిన్ సీసా, నీళ్ళలో కలిపే విటమిన్ చుక్కలు, లోతైన ప్లాస్టిక్ గిన్నె. మాకు సరుకు వేసే ఆయన కూడా మంచి మార్జిన్ ఉంటుందని రెండుసార్లు చెప్పి చూశారు. మేం వద్దన్నాం. మలక్‌పేటలో మాది చిన్న షాపు, వేసవిలో గిరాకీ అంతంతమాత్రం, కాబట్టి ఆ డబ్బు మాకు అక్కర్లేదని అనను. కానీ ఆ కిట్‌లో మీ తాబేలుకి నిజంగా పనికొచ్చేది ఒక్కటీ కనిపించలేదు.

యాంటీ క్లోరిన్ సీసాలో మామూలుగా ఉండేది నీళ్ళలోని క్లోరిన్‌ని పోగొట్టే సోడియం థయోసల్ఫేట్. అది చేపలకి కావాలి. క్లోరిన్ నీళ్ళు చేప మొప్పల్ని పాడుచేస్తాయి. నేల తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, నీళ్ళు తాగుతుంది, అంతే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరిన్ కలిపిన నీళ్ళలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. క్రిములు చేరకుండా కాపాడేది అదే. ఎప్పుడైనా వాసన మరీ ఘాటుగా ఉంటే వెడల్పు గిన్నెలో పోసి రాత్రంతా వదిలేయండి, చాలావరకు పోతుంది. చేపలవాళ్ళకి ఆ సీసాలు మా దగ్గర ఎప్పటిలాగే ఉంటాయి.

విటమిన్ చుక్కల సంగతి ఇంకా టెన్షన్. తాబేలు ఎన్ని నీళ్ళు తాగింది, ఎన్ని ఒలకబోసింది అన్నది ఎవరం చెప్పలేం, అలాంటప్పుడు మందు ఎంత లోపలికి వెళ్ళిందో ఎలా తెలుస్తుంది? విటమిన్ ఎ మోతాదు మించితే చర్మం ఊడివచ్చేంత ప్రమాదం ఉంది. పైగా రుచి మారితే కొన్ని అసలు నీళ్ళే ముట్టవు. విటమిన్లు కావాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాల్సిన మాట.

మరి ఏ నీళ్ళు పెట్టాలి? ఇంట్లో మీరు తాగే నీళ్ళే. మంజీరా, కృష్ణా, గోదావరి, మీ ఏరియాకి జలమండలి నల్లాలో ఏది వస్తే అది చాలు. ఆర్‌ఓ నీళ్ళు, క్యాన్ నీళ్ళు పెట్టినా నష్టం లేదు. వాటిలో ఖనిజాలు ఉండవు కదా అని కొందరు కంగారు పడతారు, కానీ తాబేలుకి కాల్షియం వచ్చేది ఆకుల నుంచి, వాటి మీద మీరు చల్లే కాల్షియం పొడి నుంచి. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్ళని మాత్రం పెట్టకండి. నీళ్ళు వృథా పోకూడదని బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకునే అలవాటు మంచిదే, తాబేలు పళ్ళెంలోకి మాత్రం వద్దు. లవణాలన్నీ చిక్కబడి చేరేది అందులోనే.

బోరు నీళ్ళ విషయంలో ఒక్కో కాలనీది ఒక్కో కథ. మన దగ్గర చాలాచోట్ల కఠినత్వం ఎక్కువ, కొన్నిచోట్ల ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా ఉంటాయి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు మనమే తాగకూడదు. అపార్ట్‌మెంట్‌లో కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్ ఉంటే నీళ్ళలో సోడియం పెరుగుతుంది, కాబట్టి బాత్రూమ్ కుళాయి నీళ్ళు కాకుండా వంటింట్లో తాగడానికి పట్టుకున్నవే పెట్టండి. ట్యాంకర్ వచ్చినప్పుడు, సంపులో బ్లీచింగ్ వేసినప్పుడు కూడా అంతే.

నీళ్ళ కంటే గిన్నె దగ్గరే ఎక్కువ తేడా వస్తుందని నా నమ్మకం. తాబేలు తాగేటప్పుడు దగ్గర కూర్చుని చూడండి. మెడ పూర్తిగా చాచి, మూతిని, ముక్కుని నీళ్ళలో ముంచేసి, కదలకుండా ఉండిపోతుంది. గొంతు కింద చర్మం మాత్రం మెల్లగా ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటుంది. అలా తాగాలంటే పళ్ళెం వెడల్పుగా, లోతు తక్కువగా, లోపలికి నడిచి వెళ్ళేలా ఉండాలి. నీళ్ళు దాని గడ్డం దాటకూడదు. లోతైన ప్లాస్టిక్ గిన్నెలో కాలు జారుతుంది, వెల్లకిలా పడితే పిల్ల తాబేలు తిరిగి లేవలేక రెండంగుళాల నీళ్ళలోనే మునిగిపోతుంది. ఆ గిన్నె అమ్మడానికి నాకు మనసొప్పలేదు.

దాని బదులు పూలకుండీల కింద పెట్టే మట్టి పళ్ళేలు తెప్పిస్తున్నాం. రంగు, పాలిష్ లేనివి. గరుకుగా ఉంటాయి కాబట్టి గోళ్ళకి పట్టు దొరుకుతుంది, బరువుంటాయి కాబట్టి తోసినా బోర్లా పడవు. మట్టి నీళ్ళని పీల్చి చల్లగా ఉంచుతుంది, ఆ తడికే నాచు కూడా పడుతుంది. అందుకని రెండు కొనుక్కోండి. ఒకటి వాడుతుంటే రెండోదాన్ని కొబ్బరిపీచుతో రుద్ది ఎండబెట్టుకోవచ్చు. చిన్నది 40, పెద్దది 70 రూపాయలు. బాగా ఎదిగిన సల్కటాకి (ఆఫ్రికా జాతి పెద్ద నేల తాబేలు) మట్టిది ఆగదు, దాని బరువుకి సిమెంటుదే నయం.

రోజూ నీళ్ళు మార్చాలి, మురికి కనబడితే వెంటనే. తాబేళ్ళు నీళ్ళలోకి దిగగానే అందులోనే మలమూత్రాలు విడుస్తాయి, మళ్ళీ అవే నీళ్ళు తాగుతాయి. ఫినాయిల్‌తో కడగొద్దు. తెల్లటి గార కడితే కొంచెం వెనిగర్ పోసి రుద్ది బాగా తొలవండి. వంటింటి సింకులో మాత్రం ఎప్పుడూ కడగకండి. ఆరోగ్యంగా కనిపించే తాబేలులో కూడా విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు, ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పిల్ల తాబేళ్ళకి పళ్ళెం ఒక్కటే సరిపోదు. వారానికి నాలుగైదు సార్లు గోరువెచ్చని నీళ్ళలో ఓ పావుగంట కూర్చోబెట్టండి, పై డొప్ప కింది డొప్పతో కలిసే గీత వరకే నీళ్ళు. మే నెలలో మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చెయ్యి కాలేలా ఉంటాయి, పొద్దున్నే పట్టి పెట్టుకోండి. రోజంతా ఏసీ నడిచే గదిలో గాలి ఎండిపోతుంది, ఆ పొడి గాలికి పెరిగే పిల్ల తాబేళ్ళ డొప్ప మీద గుట్టలు లేస్తాయి. సల్కటాల మీద 2003లో వచ్చిన అధ్యయనంలో తిండిలోని ప్రోటీన్ కంటే గాలిలో తేమ ప్రభావమే ఎక్కువని తేలింది.

మూత్రంతో వచ్చే తెల్లటి పదార్థాన్ని గమనించండి. తడి సున్నంలా మెత్తగా ఉంటే బాగున్నట్టు. గట్టిపడి, వేలికి గరగరమని తగిలితే ఒంట్లో నీళ్ళు తగ్గాయని అర్థం. అది నిర్లక్ష్యం చేస్తే మూత్రాశయంలో రాయి దాకా వెళ్ళొచ్చు. కళ్ళు లోపలికి పోయి, తిండి మానేస్తే మాకు ఫోన్ చేయడం కాదు, సరీసృపాల్ని చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇదంతా చట్టం ఒప్పుకునే విదేశీ నేల తాబేళ్ళ గురించే. నక్షత్ర తాబేలుని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎక్కడైనా దొరికితే అటవీ శాఖకి అప్పగించండి. సల్కటా ఉన్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ 2024 నిబంధనల ప్రకారం ఆ శాఖ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించుకోవాలి. మేం తాబేళ్ళని అమ్మం, సామాను మాత్రమే.

మట్టి పళ్ళేలు వచ్చే శనివారానికి దిగుతాయి. వచ్చేటప్పుడు తాబేలు డొప్ప పొడవు స్కేలుతో కొలిచి రాసుకొస్తే సైజు మేం చూసి ఇస్తాం. తాబేలుని ఎండలో బండి మీద పట్టుకురావద్దు. కిట్ ఇప్పటికే కొన్నవాళ్ళు ఆ ప్లాస్టిక్ గిన్నెని పారేయక్కర్లేదు, ఆకుకూరలు కడగడానికి వాడుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట వరకే షాపు తెరిచి ఉంటుంది.