బీటు ఇచ్చే ముందు ఆ బీటు నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

నిన్నటిదాకా నేరవార్తలు రాసిన విలేకరికి ఈరోజు ఆరోగ్యం, రేపు కోర్టు, ఎల్లుండి వాణిజ్యం బీటు, అంటే ఆ రంగం వార్తలు రాసే బాధ్యత, అప్పగించడం పత్రికల్లో మామూలైపోయింది. రాయడం వచ్చినవాళ్లు ఏదైనా రాయగలరని యాజమాన్యాల ధీమా. ఆ ధీమా పాఠకుడి ప్రాణం మీదికి తెస్తోందన్నదే నా ఆందోళన.

1998లో లండన్‌లో జరిగింది గుర్తు చేస్తాను. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకాకూ, ఆటిజానికీ (పిల్లల ఎదుగుదలలో కనిపించే తేడా) సంబంధం ఉండొచ్చని సూచిస్తూ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడి బృందం రాసిన పరిశోధన పత్రాన్ని 'లాన్సెట్' వైద్య పత్రిక ప్రచురించింది. విలేకరుల సమావేశంలో ఆయన ఆ మూడు టీకాలనూ విడివిడిగా వేయడం మేలన్నారు. ఆ మాటే పతాక శీర్షికలకెక్కింది. టీకా వేయిస్తే ఆటిజం వస్తుందన్న భయం దేశదేశాలకూ పాకింది. పత్రం తెరిచి చదివితే? పరీక్షించింది 12 మంది పిల్లలనే. టీకాకూ ఆ పిల్లల్లో కనిపించిన లక్షణాలకూ సంబంధం ఉన్నట్టు తాము నిరూపించలేదని రచయితలే అందులో రాశారు. ఆ ఒక్క వాక్యం చదివిన విలేకరి వార్త రాసే తీరే మారిపోయేది. లాన్సెట్ ఆ పత్రాన్ని 2010లో ఉపసంహరించుకుంది. ఈలోగా బ్రిటన్‌లో పిల్లలకు ఆ టీకా వేయించేవాళ్లు తగ్గారు, తట్టు మళ్లీ ప్రబలింది.

ఆరోగ్యం బీటు చూసేవారికి వైద్యశాస్త్రమంతా రానక్కర్లేదు. ఎంతమంది మీద చేశారు? మనుషుల మీదా, ఎలుకల మీదా? ఎవరితో పోల్చారు? ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఈ పరిశోధనతో సంబంధం లేని నిపుణుడు ఏమంటున్నాడు? ఇవి అడగడం అలవాటు కావాలి. లెక్కలంటే బెదురు పోవాలి. 'ముప్పు 18 శాతం పెరుగుతుంది' అని రాస్తే చదివేవాడి గుండె ఆగినంత పనవుతుంది. నూటికి అయిదుగురికి వచ్చే జబ్బయితే ఆ పెరుగుదలతో అది దాదాపు ఆరుగురికి చేరుతుంది, అంతే. మొదటి అంకె ఇచ్చి రెండోది ఇవ్వకపోతే వార్త సగమే.

మిగతా బీట్లలోనూ ఇదే తంతు. విచారణలో న్యాయమూర్తి నోటిమాటగా అన్నది తీర్పు కాదు, బెయిలు వచ్చినంత మాత్రాన నిర్దోషి అయినట్టూ కాదు. ద్రవ్యోల్బణం 6 శాతం నుంచి 4కు దిగితే ధరలు తగ్గాయని రాసేస్తున్నారు. నిజానికి ధరలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, కాస్త నెమ్మదిగా.

బీటులో పాతుకుపోయినవాళ్లకు ఇంకో గండం ఉంది. ఏళ్ల తరబడి అవే అధికారులతో, అవే డాక్టర్లతో తిరిగి, వాళ్ల పరిభాషలోనే వాళ్లకు నచ్చేలా రాయడం మొదలుపెడతారు. సామాన్య పాఠకుడు ఆ వార్తలోంచి జారిపోతాడు. సమాచారమిచ్చే సోర్సుతో చనువు ఉండాలి, కానీ ఆ సోర్సు కోపగించుకునే వార్త కూడా రాయగలిగేంత దూరమూ ఉండాలి. ఇది పుస్తకాల్లో దొరకదు, అనుభవమున్న సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

కాబట్టి మీకు నా విన్నపం. కొత్త బీటు ఇచ్చేటప్పుడు ఆ విలేకరిని కొన్నాళ్లు డెడ్‌లైన్ ఒత్తిడి లేకుండా సీనియర్ వెంట పంపండి. ప్రెస్‌నోట్‌తో సరిపెట్టకుండా అసలు పత్రం, అసలు ఉత్తర్వు, అసలు నివేదిక చదివాకే వార్త ఫైల్ చేయాలన్న నియమం పెట్టండి. శీర్షిక పెట్టే సబ్ ఎడిటర్లకూ ఈ శిక్షణ ఇప్పించండి. లోపల జాగ్రత్తగా రాసిన వార్తను పైన ఒక్క ముక్కతో పాడుచేస్తున్నది తరచూ శీర్షికే.

ఇట్లు,
మీ నిత్య పాఠకుడు