టీచర్‌కు బదిలీ అయినా పాఠం బడిలోనే ఉండాలి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన ఏడాది మన లెక్కల మేడమ్‌కు బదిలీ అయింది. ఆవిడ 9 ఏళ్లు ఇక్కడ చెప్పారు. వర్క్‌షీట్లు, స్లిప్ టెస్టులు, చార్టుల ఫోటోలు అన్నీ ఆవిడ ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో ఉండిపోయాయి. అడగ్గానే అన్నీ వాట్సాప్‌లో పంపారు. కానీ ఏ ఫైలు ఏ తరగతిదో పేరు చూస్తే తెలియదు. కొత్త మాస్టారు రెండు రోజులు వెతికి, చివరికి తనే మొదటినుంచి రాసుకున్నారు. ఆ రెండు రోజులు పిల్లలవి. అప్పటినుంచీ నాకు మనసులో అదే బాధ.

అందుకే ఈ వేసవిలో మా టీచర్లు నలుగురు కూర్చుని, అందరి దగ్గరా ఉన్నవన్నీ గూగుల్ డ్రైవ్‌లో (ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) ఒక చోటికి చేర్చారు. అది ఏ ఒక్కరి సొంత ఖాతాలోనూ కాదు, బడి పేరుతో తెరిచిన ఖాతాలో ఉంది. లేకపోతే మనిషితో పాటే ఫోల్డరూ వెళ్లిపోతుంది. ప్రతి ఫైలుకూ ముందు తరగతి, తర్వాత సబ్జెక్టు, ఆ తర్వాత పాఠం పేరు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటే రెండూ పక్కపక్కనే, మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నట్టే.

అన్నిటికంటే కష్టమైంది పాత ప్రశ్నపత్రాలు. చాలావాటిని డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించాం. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. వెతికినా దొరకవు. సైన్స్ మాస్టారు, తెలుగు పండితులు కలిసి పదో తరగతివి ముందుగా, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేశారు. ఇప్పుడు 'కిరణజన్య' అని కొడితే చాలు, ఆ పాఠం ప్రశ్నలన్నీ వస్తాయి. మిగతా తరగతులవి దసరా సెలవుల్లోగా పూర్తి చేస్తామన్నారు.

జూన్‌లో ఒక పొరపాటు జరిగింది. ఎవరిదో చెయ్యి తగిలి ఎనిమిదో తరగతి ఫోల్డర్ మొత్తం డిలీట్ అయింది. అందరం చాలా టెన్షన్ పడ్డాం. డ్రైవ్‌లో డిలీట్ చేసినవి 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి కాబట్టి తిరిగి తెచ్చుకోగలిగాం. ఇప్పుడు మార్పులు చేసే వీలు ఇద్దరికే ఇచ్చాం. మిగతావాళ్లు చూడొచ్చు, దించుకోవచ్చు. ఉచితంగా వచ్చే చోటు 15 జీబీ మాత్రమే, అందుకని పెద్ద వీడియోలకు లింకులే పెడుతున్నాం. గైడ్ల స్కాన్ కాపీలు పెట్టడం లేదు, అవి ఇంకొకరి కష్టం. పిల్లల మార్కులు, ఫోటోలు కూడా అందులో ఉండవు.

నాకు బాగా నచ్చిన ఫైలు మాత్రం టీచర్లది కాదు. తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్నగారు తాపీమేస్త్రీ. పునాదికి మూల తీసేటప్పుడు ఒక వైపు 3 అడుగుల దగ్గర, రెండో వైపు 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెండిటి మధ్య దారం పట్టి చూపించారు. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల మట్టంగా, అంటే లంబకోణంలో ఉన్నట్టే. పాప దాన్ని రెండు నిమిషాల వీడియో తీసింది. పైథాగరస్ సిద్ధాంతం చెప్పే రోజు మాస్టారు ముందు అదే చూపిస్తున్నారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో చూసి పక్క ఊరి టీచర్లూ అడిగి తీసుకున్నారు. మీ పనిలోనూ ఇలాంటి లెక్క, కొలత, విత్తనం, మందు ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి. మీకు వీలున్నప్పుడు మేమే వచ్చి వీడియో తీసుకుంటాం.

ఇంట్లో చదివించడానికి ఈ డ్రైవ్ అవసరం లేదు. పాఠ్యపుస్తకంలో పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది. 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించిన కేంద్ర ప్రభుత్వ చదువుల యాప్ 'దీక్ష'లో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. కెమెరా సరిగా లేకపోతే కోడ్ కింద ఉన్న ఆరు అక్షరాలు టైప్ చేసినా చాలు. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ల పిల్లలకు వర్క్‌షీట్లు ప్రింట్ తీసి ఇస్తున్నాం, ఆ మాట చెప్పడానికి ఎవరూ మొహమాటపడొద్దు.

వచ్చే రెండో శనివారం సాయంత్రం 4 గంటలకు కంప్యూటర్ గది తెరిచి ఉంచుతాం. వచ్చి మీ పిల్లల తరగతి ఫోల్డర్ చూడండి.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు