ఆపరేషనైన జాతి కుక్కకు వెల కట్టేదెట్ల?

సంపాదకులకు నమస్కారం.

జిల్లా పేజీల చిన్న ప్రకటనల్లో పెద్ద వయసు కుక్కల అమ్మకాలు కనబడుతుంటాయి. “లాబ్రడార్ ఆడది, నాలుగేళ్లు, ఆపరేషన్ అయింది, ధర మాట్లాడుకోవచ్చు” అని ఒక ముక్క, కింద ఫోన్ నంబరు. ఆపరేషన్ అంటే ఇక పిల్లలు పుట్టకుండా చేసేది. ఆ మాట్లాడుకునే కాడనే తిరకాసంతా. అమ్మేవాళ్లు కుక్కపిల్లను కొన్న ధరకు నాలుగేళ్ల తిండి ఖర్చు కలిపి చెబుతారు. కొనేవాళ్లు “పిల్లలు పెట్టని కుక్కకు పైసలెందుకు, ఊరికే ఇయ్యి” అంటారు. ఇద్దరిదీ తప్పు లెక్కే.

పెబ్బేరు సంతలో నోరు తెరిచి పండ్లు చూడకుండా, పొదుగు పట్టకుండా, ఎన్నో ఈతనో అడగకుండా ఎవరూ బర్రెకు బేరం మొదలుపెట్టరు. అదే మనిషి కుక్క దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లో ఫొటో చూసి అడ్వాన్స్ పంపిస్తాడు.

ముందు ధరలో ఏముంటుందో విడదీయాలి. జాతి కాగితాలున్న ఆడ కుక్కపిల్ల ధరలో రెండు భాగాలుంటాయి. ఇంట్లో పెంచుకునే కుక్కగా దాని విలువ ఒకటి. రేపు ఈనితే పిల్లలు అమ్ముకోవచ్చనే ఆశ రెండోది. గర్భసంచి, అండాశయాలు తీసేసిన రోజుతో ఆ రెండోది సున్నా. కాబట్టి లెక్క మొదలుపెట్టాల్సింది బ్రీడింగ్ కోసం అమ్మే పిల్ల ధరతో కాదు, పెంపకానికి మాత్రమే ఇచ్చే పిల్ల ధరతో.

మాటవరుసకు ఆ ధర రూ.15,000 అనుకుందాం. ఈ అంకెలన్నీ పద్ధతి చూపడానికే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. లాబ్రడార్ ఆయుష్షు ఇంచుమించు పన్నెండేళ్లు. కుక్కకు నాలుగేళ్లు నిండితే మిగిలింది ఎనిమిది, అంటే మూడింట రెండొంతులు: రూ.10,000. ఆపరేషన్‌కు రూ.8,000 బిల్లు ఉంటే సగం కలపండి. కొన్నవాళ్లకు ఆ ఖర్చు, ఆ పది రోజుల కాపలా తప్పాయి. అయితే ఆపరేషన్ చేయించింది అమ్మేవాళ్ల సౌకర్యానికి కూడా కదా, అందుకే సగం. ఈ ఏడాది వేయించిన రేబిస్ టీకా, డీహెచ్‌పీపీఐ (డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకు కలిపి వేసే టీకా) బిల్లు రూ.1,500 ఉంటే మొత్తం కలపొచ్చు. రూ.15,500 అయింది. పండ్లకు గార పట్టి క్లీనింగ్ చేయించాల్సి ఉందని డాక్టర్ రూ.3,000 చెబితే అది తీసేయండి. రూ.12,500 దగ్గర బేరం తెగితే ఎవరికీ అన్యాయం జరగనట్టే. నాలుగేళ్లు పెట్టిన తిండి ఈ లెక్కలోకి రాదు. ఆ నాలుగేళ్లు కుక్క వాళ్ల వాకిట్లోనే ఉంది, వాళ్ల ఇల్లే కాసింది.

ఆయుష్షు జాతిని బట్టి మారుతుంది. నాలుగేళ్ల గ్రేట్ డేన్ అంటే సగం బతుకు అయిపోయినట్టే, అవి ఎనిమిదేళ్లు దాటడమే గొప్ప. అదే నాలుగేళ్లకు పగ్, స్పిట్జ్ ఇంకా పడుచువే, పన్నెండు పదమూడేళ్లు బతుకుతాయి. మన దగ్గర పొమేరియన్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్‌లే. పేరు మార్చి రెట్టింపు అడిగితే ఒప్పుకోవద్దు. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి చలి దేశాల జాతులు ఎంత చవకగా వచ్చినా నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో ఏసీ బిల్లు కలిపి చూసుకోవాలి. మార్చి, ఏప్రిల్‌లో అవి అగ్గువకు వస్తున్నాయంటే ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి: ఆపరేషన్ నిజంగా అయిందా? బొడ్డు కింద నడిమి గీత మీద రెండు మూడు అంగుళాల సన్నటి గాటు మచ్చ ఉంటుంది. కొందరు డాక్టర్లు కుడి డొక్క నుంచి చేస్తారు, అక్కడా చూడాలి. వెంట్రుకలు దట్టంగా ఉంటే ట్రిమ్మర్‌తో జానెడు మేర తీసి, పొట్ట మీద నీళ్లు తడిపి, వెలుతురులో పక్కకు వంచి చూస్తే గీత తెలుస్తుంది. కానీ మచ్చ ఒక్కటే సాక్ష్యం కాదు. సిజేరియన్ చేసి పిల్లలను తీసినా అదే చోట అలాంటి మచ్చే మిగులుతుంది. రెండు మూడు ఈతలు తీసి, చివరిది సిజేరియనై, “ఆపరేషన్ అయింది” అని అమ్మితే మాట అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అందుకని ఆపరేషన్ తేదీ, చేసిన డాక్టర్ సంతకం, ఏం తీశారో రాసిన కాగితం అడగాలి. కాగితం లేకపోతే స్కానింగ్ చేయించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి.

కాగితం ఉన్నా ఒక ప్రశ్న మిగులుతుంది: ఆపరేషన్ తర్వాత ఎప్పుడైనా ఎదకొచ్చిందా? అండాశయం ముక్క లోపల ఉండిపోతే కొన్ని నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, మళ్లీ ఎద లక్షణాలు కనబడతాయి. కుడి అండాశయం లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ పొరపాటుకు వీలెక్కువ. అట్లాంటిదానికి రెండోసారి పొట్ట కోయాలి, ఆ ఖర్చు మొదటిదానికన్నా ఎక్కువ.

ఎందుకు చేయించారనేది కూడా ధరను మారుస్తుంది. ఏ జబ్బూ లేనప్పుడు ముందుచూపుతో చేయించింది వేరు, గర్భసంచికి చీము పట్టి ప్రాణం మీదికొస్తే చేయించింది వేరు. చీము పట్టడం సాధారణంగా ఎద అయిపోయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. కుక్క కుండలు కుండలు నీళ్లు తాగుతుంది, తిండి మానేస్తుంది. ఆపరేషన్‌తో బయటపడిన కుక్క హాయిగా బతకొచ్చు. కానీ ఆ జబ్బులో కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరియా రక్త పరీక్ష చూడకుండా అట్లాంటి కుక్కకు పూర్తి ధర కట్టొద్దు.

వయసు చెప్పినంత ఉందా అన్నది పండ్లు చెబుతాయి. ఏడు నెలలకల్లా 42 పక్కా పండ్లు వచ్చేస్తాయి. ఆ తర్వాత చూడాల్సింది కింది దవడ ముందు పండ్లను. కొత్త పన్ను కొస మీద పువ్వు రేకుల్లా మూడు మొనలుంటాయి. మధ్య రెండు పండ్ల మొనలు రెండేళ్ల ప్రాంతంలో అరగడం మొదలవుతుంది. నాలుగేళ్లు దాటేసరికి కింది ఆరూ చాలావరకు చదునవుతాయి. గొలుసు, బోను కడ్డీలు కొరికే కుక్కకు ముందే అరుగుతాయి, కాబట్టి ఒక ఏడాది అటూఇటూ. రంగును మాత్రం నమ్మొద్దు. మన జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పశువుల పండ్ల రంగు మారడం మనకు కొత్త కాదు. ఏడేళ్లు దాటితే కంటిపాప లోపల నీలి బూడిద రంగు పొగ కనబడుతుంది. మూడేళ్లని చెప్పిన కుక్క కంట్లో అది కనిపిస్తే బేరం అక్కడికి ఆపేయండి.

చన్నులు ఐదు జతలూ వేళ్ల మధ్య పట్టి తడమాలి. శనగ గింజంత గడ్డ తగిలినా డాక్టర్‌కు చూపాకే మాట. మొదటి ఎద రాకముందు ఆపరేషన్ చేస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుందంటారు, ఐదారేళ్లు ఈనిన తర్వాత చేయిస్తే ఆ లాభం అంతగా ఉండదు. చన్నులు సాగి వేలాడుతుంటే అది ఈనిన కుక్క. పిల్లలు తీసి అమ్మే పెంపకందారు రిటైర్ చేసిన కుక్క అన్నమాట. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఆడకుక్కను 18 నెలలు నిండకముందు, ఎనిమిదేళ్లు దాటాక ఈనించకూడదు, ఏడాదికి ఒక్క ఈతే, జన్మలో ఐదు ఈతలకు మించకూడదు. అట్లా నాలుగు ఈతల పిల్లలను అమ్ముకున్నవాళ్లు పెట్టుబడి ఎప్పుడో రాబట్టుకున్నారు. వాళ్లు ఆపరేషన్ బిల్లు, టీకాల బిల్లు కన్నా ఎక్కువ అడిగితే అది అత్యాశని నా అభిప్రాయం. ఎనిమిదేళ్లు దాటిన కుక్క ఎవరిదైనా సరే, బిల్లులే ధర.

పిడుదుల జ్వరం సంగతి మరవొద్దు, మన వైపు కుక్కలను తినేసే జబ్బు అదే. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, తెల్లగా పాలిపోతే అనుమానించాలి. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు రెండు లక్షలకు పైనుండాలి. లక్షకు దిగితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు నాలుగు వారాలు వాడాల్సి రావొచ్చు, ఆ మందులూ మళ్లీ పరీక్షా అమ్మేవాళ్ల ఖాతాలో వేయాలి. పెద్ద జాతి కుక్క పడుకుని లేచిన చోట తడి ఉందేమో చూడండి. ఆపరేషనైన పెద్ద ఆడకుక్కల్లో కొన్నింటికి నిద్రలో మూత్రం కారుతుంది. మందుతో చాలావరకు అదుపులో ఉంటుంది గానీ చాలాకాలం వాడాలి. ఒళ్లు కూడా చూడాలి. ఆపరేషన్ తర్వాత తిండి నాలుగో వంతు దాకా తగ్గించకపోతే కొవ్వు పడుతుంది. చేత్తో రాస్తే పక్కటెముకలు వేళ్లకు తగలాలి. నలభై కిలోల ఆడ లాబ్రడార్‌ను “మంచిగ తినిపించినం” అని చూపిస్తే అది మెచ్చుకోవాల్సిన సంగతి కాదు, ధర తగ్గించాల్సిన సంగతి.

జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉంటే ఆపరేషనైన కుక్కకు దానివల్ల పెరిగే ధర కొంచెమే. పుట్టిన తేదీ, తల్లిదండ్రులు ఖాయంగా తెలుస్తాయి, అంతే. చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్‌లోని 15 అంకెలూ కాగితం మీది నంబరూ స్కానర్‌తో సరిచూసుకోవాలి. వేరే కుక్క కాగితం దీనికి అంటగట్టడం కొత్తేమీ కాదు. కాగితం లేకపోయినా రూపం నచ్చితే తీసుకోవచ్చు, ఎట్లాగూ పిల్లలు పుట్టవు. కాగితాలున్న ధర మాత్రం ఇవ్వొద్దు.

ఆపరేషనైతే కాపలా కాయదని బత్తాయి తోటల రైతులు కొందరు వెనకాడతారు. మొరగడానికీ గర్భసంచికీ సంబంధం లేదు. పైగా కార్తీకంలో ఊరి మగకుక్కలన్నీ గేటు ముందు చేరి రాత్రంతా కొట్లాడుకునే బాధ తప్పుతుంది. తోట కాపలాకు ఇదే మేలు. దీన్ని లోపంగా చూపి ధర తగ్గించమనడం న్యాయం కాదు.

ఊరికే ఇవ్వడం మాత్రం నాకు నచ్చదు. పైసా పెట్టకుండా తెచ్చుకున్న కుక్క నెల తిరక్కుండా ఇంకొకరి కోళ్ల ఫారంలో గొలుసుకు తేలుతుంది. రెండు మూడు వేలైనా తీసుకుంటే అడిగినవాడు నిజంగా కావాలనుకునే అడుగుతున్నాడని కొంత తెలుస్తుంది.

కుట్లు విప్పే పది, పద్నాలుగు రోజులు దాటకముందు కుక్కను చేతులు మార్చొద్దు. ఇచ్చేటప్పుడు తెల్లకాగితం మీద ధర, చిప్ నంబరు, ఆపరేషన్ తేదీ, టీకాల తేదీలు, పది రోజుల్లో తిరిగి ఇస్తే ఎంత వాపసో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మొత్తం సొమ్ము మొదటిరోజే ఇవ్వకుండా నాలుగో వంతు ఆ పది రోజులు ఆపుకోవడం మంచిది. ఆ కాలంలో పాత ఇంటి తిండే పెట్టాలి, మార్చితే విరేచనాలు పట్టుకుంటాయి. బెల్టు విప్పి వాకిట్లో వదలొద్దు. పెద్ద కుక్క మొదటి వారం గోడ దూకి పాత ఇంటి దారి పడుతుంది. జాతీయ రహదారి పక్కన ఇల్లున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ప్రకటనల విభాగం వారికి ఒక మనవి. పెద్ద కుక్కల ప్రకటన తీసుకునేటప్పుడు పుట్టిన ఏడాది, ఆపరేషన్ జరిగిన నెల, ఎన్ని ఈతలు అయ్యాయి అన్న మూడు ముక్కలు తప్పనిసరిగా రాయించుకోండి. “ధర మాట్లాడుకోవచ్చు” అనే మాట తీసేస్తే ఆ జాగా సరిపోతుంది.

– విశ్రాంత వెటర్నరీ అసిస్టెంట్, దేవరకొండ, నల్లగొండ జిల్లా