ఎవరా పిల్ల అని అడగకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం మన బడికి పోలీసులు ఎందుకు వచ్చారని ఊరంతా మాట్లాడుకుంటోంది. ఒక విద్యార్థిని తనపై జరిగిన లైంగిక దాడి గురించి ఉపాధ్యాయురాలికి చెప్పింది. అదే రోజు ఫిర్యాదు చేశాం. ఆ పిల్ల ఎవరని ఇప్పటికి పదకొండు మంది నన్ను అడిగారు. చెప్పను. వాట్సాప్ గ్రూపుల్లో ఊహించి పేర్లు రాసినవారు దయచేసి ఈరోజే తుడిచేయండి. “బడి పరువు పోయింది, మీలో మీరే సర్దుకోవలసింది” అన్న పెద్దలకు ఒక్క మాట: పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ దాచడమే నేరం.



ఇరవై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినదాన్ని. నాకిది పరువు సమస్య కాదు, ఆరోగ్య సమస్య. ప్రపంచ ఆరోగ్య సభ 1996లోనే హింసను ప్రజారోగ్య సమస్యగా ప్రకటించింది. 2007లో కేంద్ర ప్రభుత్వం మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో పిల్లలను అడిగితే, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53 శాతం మంది చెప్పారు. పిల్లను కుక్క కరిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తుతాం. ఆ వీధిలోకి ఎందుకు వెళ్లావని ముందు విచారణ పెట్టం. లైంగిక దాడి జరిగితే మాత్రం ముందు విచారణ, తరువాత పంచాయితీ. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి. పంచాయితీ తేలేసరికి ఆ గడువు దాటిపోతుంది! ప్రభుత్వ ఆసుపత్రైనా, ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా చికిత్స చేయాలి. ముందు పోలీసు కాగితం తెమ్మనకూడదు. బాలికను మహిళా డాక్టరే పరీక్షించాలి. పైకి గాయం లేకపోయినా నెలల తరబడి కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి చదువు మీద ధ్యాస పోవడం కనిపిస్తే అవి సాకులని కొట్టిపారేయకండి.

మా తొమ్మిదో తరగతి అమ్మాయిల గురించి చెప్పకుండా ఉండలేను. బస్సు దిగే చోటు నుంచి బడి దాకా వెలగని వీధి దీపాలు లెక్కపెట్టారు, పద్నాలుగు. పంచాయతీకి అర్జీ తామే రాశారు, ఒక్క అక్షరదోషం లేదు. ఇప్పటికి తొమ్మిది వెలిగాయి. మంచినీటి కుళాయి పక్క గోడ మీద బాలల సహాయవాణి 1098 సంఖ్యను నిలువెత్తున రాసిందీ వాళ్లే.

సుగ్గికి, అంటే వలస కూలి పనికి, గుంటూరు మిరప తోటలకు వెళ్తూ కూతుళ్లను బంధువుల ఇళ్లలో వదిలే కుటుంబాల కష్టం నాకు తెలుసు. వలస వెళ్లేవారి పిల్లలు ఉండే సీజనల్ హాస్టల్ కోసం మమ్మల్ని అడగండి. ఇంట్లోనే ఉండేవారికి మాత్రం ఒక మనవి. ముడుచుకుపోతున్న పిల్లను “మామయ్యే కదా, పక్కన కూర్చో” అని నెట్టకండి. వద్దంటే పొగరు అనకండి. ఇలాంటి కేసుల్లో నిందితులు ఎక్కువగా పిల్లలకు తెలిసినవారే.

శనివారం మూడు గంటలకు సమావేశం ఉంది, మహిళా డాక్టరు వస్తారు. గత రెండు సమావేశాలకూ తల్లులే వచ్చారు. ఈసారి తండ్రులు కూడా రావాలి.

వారం రోజులుగా నలుగురు ఆడపిల్లలు బడికి రావడం లేదు, భయపడి ఇంట్లో ఉంచారట. మగపిల్లలను ఎవరూ ఆపలేదు. ఆ నలుగురినీ సోమవారం పంపండి. వాళ్ల చోట్లలో ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, కర్నూలు జిల్లా