స్పెసిఫికేషన్, టెస్టింగ్ శిక్షణ: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన అందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పుట్టిందో మీకు తెలిసిందే కనుక నేరుగా ఈ ఏడాది పనిలోకి వస్తాను. రెండు సెమిస్టర్లలోనూ కళాశాల విద్యార్థులకు శనివారం తరగతులు నడిచాయి. మొదటి సెమిస్టర్‌లో స్పెసిఫికేషన్, అంటే ప్రోగ్రామ్ ఏం చేయాలో ముందుగా చెప్పే పత్రం, రాయడం నేర్పాం. రెండో దాంట్లో టెస్టింగ్, అంటే ప్రోగ్రామ్ అలాగే చేస్తోందో లేదో పరీక్షించడం నేర్పాం. ఇంతకుముందు రెండూ కలిపి చెప్పి చేయి కాల్చుకున్నాం. అప్పట్లో పిల్లలు ముందు కోడ్ రాసేసి, అది ఏం చేస్తోందో చూసి, దాన్నే స్పెసిఫికేషన్‌గా దించేవారు. అలాంటి పత్రం చేతిలో పెట్టుకుని టెస్ట్ చేస్తే తప్పులు ఎలా దొరుకుతాయి?

ఈసారీ 1979లో గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ తన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పుస్తకంలో పెట్టిన త్రిభుజం లెక్కతోనే మొదలుపెట్టాం. భుజాల పొడవులుగా మూడు పూర్ణాంకాలు ఇస్తే ఆ త్రిభుజం సమబాహువో, సమద్విబాహువో, విషమబాహువో ప్రోగ్రామ్ చెప్పాలి. టెస్ట్ కేసులు, అంటే ప్రోగ్రామ్‌కి ఇచ్చే విలువలు, వాటికి రావాల్సిన ఫలితం, రాయమంటే దాదాపు అందరూ 3, 4, 5తో ఒకటి, 5, 5, 5తో ఒకటి, 5, 5, 3తో ఒకటి రాసి పెన్ను కింద పెట్టేశారు. 1, 2, 3 ఇస్తే వచ్చేది త్రిభుజం కాదు, గీత. 5, 5, 3కి సరిగ్గా చెప్పిన ప్రోగ్రామ్ 3, 5, 5కి తడబడవచ్చు. సున్నా, రుణ సంఖ్య సంగతి సరేసరి. అంతకన్నా నన్ను బాధపెట్టింది ‘ఆశించిన ఫలితం’ గడిని చాలామంది ఖాళీగా వదిలేయడం. ఆ గడి ఖాళీగా ఉంటే తెర మీద ఏది వచ్చినా ఒప్పుగానే కనిపిస్తుంది. అందుకే ఏడాది పొడవునా ఒక్క నియమం మీద పట్టుబట్టాం: ప్రోగ్రామ్ నడపక ముందే ఆశించిన ఫలితం పెన్నుతో రాసి ఉండాలి.

ఈ ఏడాది నేను గర్వంగా చెప్పుకునేది స్పెసిఫికేషన్ల మార్పిడి రోజు గురించే. గ్రంథాలయంలో పుస్తకాలు అప్పిచ్చే యాప్‌కి ఒక జట్టు ఒక పేజీ స్పెసిఫికేషన్ రాసింది. ఆ పేజీ చూసి రెండో జట్టు కోడ్ రాసింది, మూడో జట్టు టెస్ట్‌లు రాసింది. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అనుమానం వస్తే చీటీ రాసి పంపాలి, జవాబు నోటితో కాకుండా ఆ పేజీనే సవరించి ఇవ్వాలి.

“పుస్తకం 15 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి, లేకుంటే జరిమానా” అనే ఒక్క వాక్యం దగ్గరే పొద్దున్నంతా గడిచిపోయింది. తీసుకున్న రోజును లెక్కపెట్టాలా? 15వ రోజున తెస్తే జరిమానా పడుతుందా? కోడ్ రాసినవాళ్లు ఒకలా అనుకున్నారు, టెస్ట్ రాసినవాళ్లు ఇంకోలా అనుకున్నారు. ఇద్దరినీ తప్పుపట్టలేం. లోగా, వరకు, దాకా అని రోజూ అంటూనే ఉంటాం, ఆ చివరి రోజు లోపలిదో బయటిదో మాత్రం అడగం. సాయంత్రానికి ఆ వాక్యం ఇలా మారింది: “తీసుకున్న తేదీ 0వ రోజు. 15వ రోజు గ్రంథాలయం మూసే వేళ వరకు ఇస్తే జరిమానా లేదు. 16వ రోజు నుంచి ఉంది.” ఇక టెస్ట్‌కి 14, 15, 16 రోజులు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. “15వ రోజు సెలవైతే?” అని రెండో సంవత్సరం అమ్మాయి చీటీ పంపింది, మరో వరుస చేరింది. ఇంకో చీటీలో ఫిబ్రవరి 20న తీసుకున్న పుస్తకం గురించి అడిగారు. 2023లో దాని గడువు మార్చి 7, 2024లో మార్చి 6. ఆ రోజు పేజీ మూడు పేజీలైంది. మూడూ భద్రపరిచాం, సభ్యులు తప్పక చూడాలి.

తర్వాతి వారం టెస్ట్‌లు పట్టుకుంటాయో లేదో చూద్దామని మనమే కోడ్‌లో తప్పులు నాటాం. ఒకచోట ‘కన్నా ఎక్కువ’ గుర్తును ‘ఎక్కువ లేదా సమానం’గా మార్చాం. కొన్ని జట్ల టెస్ట్‌లు అప్పటికీ అన్నీ పాసయ్యాయి. కోడ్‌లో ఎంత భాగాన్ని టెస్ట్‌లు నడిపాయో చెప్పే కవరేజీ 100 శాతం చూపిస్తోంది, కానీ ఆ టెస్ట్‌లు కోడ్‌లోని ప్రతి వరుసనూ నడుపుతున్నాయే తప్ప ఏ ఫలితాన్నీ సరిచూడటం లేదు. ఆ రోజే 1996 జూన్ 4న కూలిన యూరప్ రాకెట్ ఏరియన్ 5 సంగతి చెప్పాం. రాకెట్ దిశను, కదలికను కొలిచే పరికరంలో, పాత రాకెట్ ఏరియన్ 4 నుంచి తెచ్చిన కోడ్ 64 బిట్ల విలువను 16 బిట్లలో ఇరికించబోతే పట్టలేదు. కొత్త రాకెట్ ఎగిరే మార్గం వివరాలు ఆ పరికరం స్పెసిఫికేషన్‌లోనూ లేవు, దాని పరీక్షల్లోనూ లేవు. తరగతి చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. ఆడిట్ పూర్తయింది, పత్రం జత చేశాం.

చెప్పక తప్పని మాట ఒకటుంది. ఏడాది మొదట్లో పేర్లిచ్చిన స్వచ్ఛంద బోధకుల్లో చాలామంది తర్వాత కనిపించలేదు. రాలేమని ముందురోజు ఒక్క సందేశం పెట్టినా వేరేవారిని పిలుచుకునేవాళ్లం. మార్పిడి రోజున కూడా ముగ్గురు చేయాల్సిన పని ఒక్కరి మీద పడింది. ఒక కళాశాలలో అనుమతి కాగితం చేతిలో ఉండి కూడా ల్యాబ్ తాళం కోసం పిల్లలతో కలిసి వరండాలో కూర్చున్నాం. ప్రాజెక్టు మార్కులలో టెస్ట్‌లకూ వాటా ఇవ్వమని రాసిన లేఖకు ఇంతవరకు జవాబు లేదు. డెమో రోజున నడిస్తే చాలు మార్కులు పడతాయని తెలిసిన విద్యార్థి టెస్ట్ కేసుల మీద రాత్రులు ఎందుకు గడుపుతాడు? అయినా గడిపిన పిల్లలు ఉన్నారు, వాళ్లను చూసే ఈ పని సాగుతోంది.

సెలవు పెట్టుకుని వచ్చి పాఠాలు చెప్పిన టెస్ట్ ఇంజనీర్లకు, చీటీలన్నీ వరుస తప్పకుండా ఫైలు చేసిన విద్యార్థి ప్రతినిధులకు, పాత కంప్యూటర్లు బాగుచేసి ఇచ్చిన సభ్యులకు, గదులిచ్చిన అధ్యాపకులకు, ప్రతి శనివారం చివరిదాకా ఉండి ల్యాబ్ మూసి వెళ్లిన సహాయకుడికి సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోయి ఉంటే మన్నించండి.

వచ్చే ఏడాది మార్పిడి రోజును రెండుసార్లు జరపాలని కార్యవర్గం నిర్ణయించింది. బోధకుల పట్టిక తలుపు దగ్గర ఉంది. పేరు రాసేవారు పక్కనే తాము వచ్చే శనివారాల తేదీలు కూడా రాయాలని కోరుతూ, ఈ నివేదికను సభ ఆమోదానికి సమర్పిస్తున్నాను.

కార్యదర్శి